ప్లే నొక్కకముందే తేలిపోయే సంగతి: నెట్ అంతంతమాత్రంగా ఉన్నా వీడియో ఆగకుండా రావాలంటే

ఆమధ్య ఒక డిగ్రీ కళాశాల కోసం కాంతి వివర్తనం మీద గంటసేపు సాగే పాఠాన్ని రికార్డు చేశాం. బల్ల మీద లేజరు, సన్నని చీలిక, ఎదురుగా తెర, పక్కన నల్లబల్ల మీద సమీకరణాలు. చిత్రీకరణ చక్కగా వచ్చింది. దాన్ని ఒకే ఎంపీ4 ఫైలుగా సర్వర్లో పెట్టి విద్యార్థులకు లింకు పంపించాం. మూడో రోజు ఏజెన్సీ ప్రాంతంలోని ఓ ఊరి నుంచి ఒక విద్యార్థిని ఫోన్ చేసింది. “మేడమ్, నాలుగు నిమిషాల పాఠం చూడ్డానికి అరగంట పట్టింది. ఆగి ఆగి వస్తోంది. ఒక వాక్యం పూర్తిగా వినేలోపు ముందు చెప్పింది మర్చిపోతున్నా” అంది.

ఆ అమ్మాయి ఫోన్లో, అదే సిగ్నల్ మీద, సినిమా పాటలు మాత్రం ఆగకుండా వస్తున్నాయట. బొమ్మ కాస్త మసకబారుతుంది, మళ్లీ తేటపడుతుంది. అంతేగాని చక్రం తిరుగుతూ కూర్చోదు. మరి మా పాఠం ఎందుకు ఆగింది? సిగ్నల్‌ను తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ అసలు లోపం మేం వీడియోను తయారు చేసిన తీరులో ఉంది. ప్రేక్షకుడు ప్లే నొక్కిన తర్వాత ఏం జరుగుతుందన్నది చాలావరకు అంతకుముందే, ఫైలు సిద్ధం చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. ఆ తయారీ ఎలా జరుగుతుందో, దాన్ని యంత్రానికి ఎలా అప్పగించవచ్చో చూద్దాం.

ఒక్క సెకను బరువెంత?

ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. వీటినే పిక్సెళ్లు అంటాం. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కో పిక్సెల్ రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే, ఒక్క సెకను వీడియోకు సుమారు 124 కోట్ల బిట్లు కావాలి. చాలా ఇళ్ల నెట్ కనెక్షన్లు దీన్ని సులువుగా మోయలేవు. అందుకే వీడియోను కుదించాలి.

కుదింపు రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది ఒకే ఫ్రేము లోపల. గోడ, ఆకాశం, నల్లబల్ల వంటి చోట్ల పక్కపక్క పిక్సెళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని విడివిడిగా రాయకుండా, ఆ భాగంలో వెలుగు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతోందో తరంగాల రూపంలో రాసుకుంటే, కంటికి ఆనని సన్నని మార్పులను వదిలేయవచ్చు. ఈ గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దీన్ని 1974లో ప్రచురించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టి అక్కడే ఇంజనీరింగ్ చదివారు. కమిశెట్టి రామమోహనరావు చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి. ఈ ఆలోచన మీద పరిశోధనకు నిధులు కావాలని అహ్మద్ అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను అడిగితే, అప్పట్లో తిరస్కారమే ఎదురైంది. ఇవాళ మన ఫోన్లలోని జేపెగ్ ఫొటోల నుంచి వీడియోల దాకా ఆ గణితమో, దాని వారసులో పని చేస్తున్నాయి.

రెండో కుదింపు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య జరుగుతుంది. దీన్ని కిరాణా కొట్టు ఖాతా పుస్తకంతో పోల్చవచ్చు. పేజీ మొదట్లో నిలవ ఎంతో రాస్తారు. ఆ తర్వాత ప్రతి వరుసలో జమ ఎంత, ఖర్చు ఎంత అని తేడాలు మాత్రమే రాస్తారు. వీడియోలో కూడా అంతే. అప్పుడప్పుడు ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తారు. అది కీ ఫ్రేము. తర్వాత వచ్చే ఫ్రేముల్లో మారిన భాగాన్నే రాస్తారు. పాఠం చెప్పేవారి చెయ్యి మాత్రమే కదిలితే ఆ చెయ్యి సంగతే రాస్తారు, వెనకున్న నల్లబల్లను మళ్లీ రాయరు. 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264 నుంచి ఆ తర్వాతి హెచ్‌ఈవీసీ, ఏవీ1 వరకు అన్నీ ఈ పద్ధతినే పదును పెట్టుకుంటూ వచ్చాయి.

ఈ ఖాతా పుస్తకం ఉపమానాన్ని గుర్తుంచుకోండి. మా రెండో పొరపాటు అక్కడే జరిగింది.

ఒకే ఫైలు ఎందుకు చాలదు?

మా మొదటి ఫైలు సెకనుకు 4,500 కిలోబిట్ల చొప్పున తయారైంది. దీన్నే బిట్ రేటు అంటారు. ఆ విద్యార్థిని నెట్ సెకనుకు సుమారు 600 కిలోబిట్లు అందిస్తోందనుకుందాం. అంటే ఒక సెకను పాఠం దిగడానికి ఏడున్నర సెకన్లు పడుతుంది. నాలుగు నిమిషాల పాఠానికి 30 నిమిషాలు. ఆ అమ్మాయి చెప్పిన లెక్క సరిగ్గా అదే.

అలాగని అందరికీ తక్కువ నాణ్యత ఫైలే పెడితే, మంచి కనెక్షన్ ఉన్నవారికి, తరగతి గదిలో ప్రొజెక్టర్ మీద చూపించేవారికి అన్యాయం జరుగుతుంది. రెండు మూడు ఫైళ్లు పెట్టి “మీకు నచ్చింది ఎంచుకోండి” అన్నా చిక్కు తీరదు. ఎందుకంటే నెట్ వేగం ఒకచోట నిలవదు. బస్సు ఎక్కితే మారుతుంది, వాన పడితే మారుతుంది, సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకుంటే మారుతుంది.

దీనికి దొరికిన పరిష్కారమే అడాప్టివ్ స్ట్రీమింగ్. అంటే పరిస్థితిని బట్టి తనంతట తానే నాణ్యత మార్చుకునే ప్రసారం. ఒకే వీడియోను అనేక నాణ్యతల్లో తయారు చేస్తారు. ప్రతిదాన్నీ కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా కోస్తారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఒక పట్టికను పక్కన పెడతారు. ప్రేక్షకుడి ఫోన్‌లోని ప్లేయర్ ఆ పట్టిక చదివి, ఒక్కో ముక్కకు ఆ క్షణానికి తగిన నాణ్యతను ఎంచుకుంటుంది. యాపిల్ సంస్థ 2009లో హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిని తెచ్చింది. 2012లో డ్యాష్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఈ రెండే. ఈ ముక్కలు మామూలు ఫైళ్లే కాబట్టి ప్రత్యేకమైన సర్వర్లు అక్కర్లేదు. వెబ్ పేజీలను అందించే సర్వరే వీటినీ అందిస్తుంది.

నిచ్చెన కట్టడం

రకరకాల నాణ్యతల ఈ వరుసను ఈ రంగంలో నిచ్చెన అంటారు. మా పాఠానికి మొదట కట్టిన నిచ్చెన ఇది:

- 1920×1080 పిక్సెళ్లు, సెకనుకు 4,500 కిలోబిట్లు
- 1280×720 పిక్సెళ్లు, 2,500 కిలోబిట్లు
- 854×480 పిక్సెళ్లు, 1,100 కిలోబిట్లు
- 640×360 పిక్సెళ్లు, 600 కిలోబిట్లు
- 426×240 పిక్సెళ్లు, 250 కిలోబిట్లు

మాటను మాత్రం బొమ్మతో కలపకుండా, 64 కిలోబిట్ల చొప్పున విడి వరుసగా ఉంచాలి. బొమ్మ ఏ మెట్టు మీద ఉన్నా మాట ఒకే వరుస నుంచి వస్తుంది కాబట్టి, మెట్టు మారినప్పుడు గొంతు తెగదు. పాఠానికి ఇది ప్రాణం. బొమ్మ రెండు క్షణాలు మసకబారినా విద్యార్థి సర్దుకుంటాడు, వాక్యం మధ్యలో తెగితే సర్దుకోలేడు.

మెట్ల మధ్య దూరం కూడా చూసుకోవాలి. ఒక మెట్టుకూ పై మెట్టుకూ మధ్య బిట్ రేటు సుమారుగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, కాస్త అటూ ఇటూ ఉంటే మార్పు మరీ కొట్టొచ్చినట్టు కనిపించదు. మెట్లు మరీ దగ్గరగా ఉంటే నిల్వ ఖర్చు పెరుగుతుందే తప్ప చూసేవారికి తేడా తెలియదు.

ఖాతాలు ఒకే తేదీన ముగియాలి

నిచ్చెన సిద్ధం చేసి, ఐదు ఫైళ్లను విడివిడిగా తయారు చేసి, ముక్కలు కోసి మళ్లీ పెట్టాం. ఈసారి వీడియో మొదలైంది. కానీ మెట్టు మారిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోవడమో, కొంత వెనక్కి వెళ్లి మళ్లీ రావడమో జరిగింది.

కారణం కీ ఫ్రేములు. మేం వాడిన ఎన్‌కోడర్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే, రెండు కీ ఫ్రేముల మధ్య గరిష్ఠంగా 250 ఫ్రేముల దూరం ఉంచుతుంది. అంటే సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 10 సెకన్లు. పైగా దృశ్యం మారినట్టు తోచిన చోటల్లా తనకు తానే కొత్త కీ ఫ్రేము పెడుతుంది. దృశ్యం మారిందా లేదా అన్న ఆ నిర్ణయం పెద్ద బొమ్మలో ఒకలా, చిన్న బొమ్మలో మరోలా ఉండవచ్చు. ఫలితంగా ఐదు మెట్లలో కీ ఫ్రేములు ఐదు చోట్ల పడ్డాయి.

ఖాతా పుస్తకంతో చెప్పాలంటే, ఒక పుస్తకం మధ్యలో వదిలి ఇంకో పుస్తకం మధ్యలో మొదలుపెట్టినట్టు. అక్కడ జమాఖర్చులు ఉన్నాయి గానీ నిలవ ఎంతో తెలియదు. నిలవ రాసిన చోటు దొరికేదాకా ప్లేయర్ ఆగాలి, లేదా వెనక్కి వెళ్లాలి. అన్ని పుస్తకాల్లోనూ ఒకే తేదీన నిలవ రాసి ఉంటే, ఆ తేదీన ఏ పుస్తకం నుంచి ఏ పుస్తకానికైనా హాయిగా మారవచ్చు.

కాబట్టి నియమం ఇది: అన్ని మెట్లలోనూ కీ ఫ్రేములు సరిగ్గా ఒకే సమయాల్లో ఉండాలి. మేం 2 సెకన్లకు ఒకటి, అంటే 50 ఫ్రేములకు ఒకటి అని నిర్ణయించి, దృశ్యాన్ని బట్టి తనంతట తాను కీ ఫ్రేము పెట్టే అలవాటును ఆపేశాం. ముక్క పొడవు 6 సెకన్లు. అంటే ప్రతి ముక్కా కీ ఫ్రేముతోనే మొదలవుతుంది, లోపల మరో రెండు ఉంటాయి.

ముక్క పొడవు 6 సెకన్లే ఎందుకు? ముక్క మరీ పొడవైతే నెట్ పడిపోయినప్పుడు కింది మెట్టుకు దిగడం ఆలస్యమవుతుంది. మరీ పొట్టిదైతే సర్వర్‌ను పదేపదే అడగాల్సి వస్తుంది. అంతేకాదు, ప్రతి ముక్కకూ కనీసం ఒక కీ ఫ్రేము కావాలి, కీ ఫ్రేములకు బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. హెచ్‌ఎల్‌ఎస్ కోసం యాపిల్ సూచించేది కూడా 6 సెకన్లే.

చేత్తో కాదు, పనిముట్టుతో

ఇప్పుడు లెక్క చూడండి. గంట పాఠంలో ఒక్కో మెట్టుకు 600 ముక్కలు. ఐదు మెట్లకు 3,000. మాటకు మరో 600. ఒక్క పాఠానికే 3,600 చిన్న ఫైళ్లు, వాటికి పట్టికలు. ఇలాంటి పాఠాలు వంద ఉంటే? ఎక్కడో ఒకచోట చెయ్యి జారడం ఖాయం. అందుకే ఈ పనిని స్వయంచాలక పనిముట్లకు అప్పగిస్తారు.

ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ పనిముట్లలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముఖ్యమైనది. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ వీడియోను కుదించే పని చేస్తుంది. గూగుల్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన షాకా ప్యాకేజర్ ముక్కలు కోసి పట్టికలు రాస్తుంది. ఈ రెండింటినీ కలిపి నడిపించేది షాకా స్ట్రీమర్. దీనికి రెండు చిన్న సెట్టింగుల ఫైళ్లు ఇస్తే చాలు. మొదటిదాంట్లో ఏ వీడియో తీసుకోవాలో, రెండోదాంట్లో ఏ ఏ మెట్లు కావాలో, ముక్క ఎంత పొడవుండాలో, హెచ్‌ఎల్‌ఎస్, డ్యాష్‌లలో ఏది కావాలో రాస్తాం. ఈ సెట్టింగులు ఒకసారి సరిగ్గా కుదిరితే వందో పాఠం కూడా మొదటి పాఠంలాగే తయారవుతుంది. మనిషికి విసుగొస్తుంది, పనిముట్టుకు రాదు.

ఏ పనిముట్టు వాడినా, పని ఈ వరుసలో జరగాలి.

ముందు అసలు ఫైలును పరీక్షించాలి. ఫోన్‌తో తీసిన వీడియోలతో ఇక్కడే చిక్కు. వెలుతురును బట్టి ఫోన్లు ఫ్రేముల వేగాన్ని మారుస్తుంటాయి. 50 ఫ్రేములకు ఒక కీ ఫ్రేము అన్న లెక్క అప్పుడు 2 సెకన్లకు సరిపోదు. కాబట్టి మొదట సెకనుకు ఇన్ని ఫ్రేములని స్థిరపరచాలి. పాత టేపుల మీద ఉన్న పాఠాలైతే, ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా విడగొట్టి రికార్డు చేసి ఉంటారు. వాటిని కలపకుండా కుదిస్తే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

తర్వాత నిచ్చెన. అసలు వీడియో 720 గీతలదే అయితే 1,080 మెట్టు కట్టకూడదు. లేని వివరం పెద్దది చేసినంత మాత్రాన రాదు, బరువు మాత్రం పెరుగుతుంది. ప్రతి మెట్టునూ అసలు ఫైలు నుంచే తయారు చేయాలి. ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే, జిరాక్సు కాపీకి జిరాక్సు తీసినట్టే.

బిట్ రేటుకు హద్దు కూడా పెట్టాలి. సగటు 1,100 కిలోబిట్లే అయినా, కెమెరా కదిలిన చోట అది ఒక్కసారిగా ఎగరవచ్చు. అందుకే గరిష్ఠ హద్దు ఒకటి నిర్ణయిస్తారు. హెచ్‌ఎల్‌ఎస్ పట్టికలో ప్రతి మెట్టుకూ రాయాల్సింది ఈ గరిష్ఠమే. సగటును రాస్తే ప్లేయర్ మోసపోతుంది. మోయగలననుకుని ఎత్తుకున్న మూట సగం దారిలో బరువెక్కుతుంది.

చివరగా ప్యాకింగు. ఒకప్పుడు హెచ్‌ఎల్‌ఎస్‌కు ఒక రకం ముక్కలు, డ్యాష్‌కు ఇంకో రకం ముక్కలు విడిగా ఉంచాల్సి వచ్చేది. 2018లో ప్రచురితమైన సీమాఫ్ ప్రమాణం వల్ల ఇప్పుడు ఒకే ముక్కలకు రెండు పట్టికలు రాస్తే సరిపోతుంది. నిల్వ స్థలం దాదాపు సగం మిగులుతుంది.

మేడమీది ట్యాంకు

ఇక మిగిలింది ప్లేయర్ పని. దీన్ని అర్థం చేసుకోవడానికి మేడమీది నీళ్ల ట్యాంకు చాలు. వీధి కుళాయి ఎప్పుడు వస్తుందో, ఎంత ధారగా వస్తుందో మన చేతిలో లేదు. ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపు ఇంట్లో కుళాయి ఆగదు. ప్లేయర్‌లో ఈ ట్యాంకు పేరు బఫర్. ముందుగా దించుకున్న ముక్కలు అందులో ఉంటాయి. ట్యాంకు ఖాళీ అయినప్పుడే తెర మీద చక్రం తిరుగుతుంది.

ప్లేయర్ రెండు విషయాలు గమనిస్తుంది. గత ముక్కలు ఎంత వేగంగా దిగాయి, ట్యాంకులో ఎన్ని సెకన్ల వీడియో నిలవ ఉంది. ట్యాంకు మట్టాన్నే ప్రధానంగా నమ్ముకుంటే వీడియో ఆగడం తగ్గుతుందని స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు 2014లో చూపించారు. సెకనుకు 600 కిలోబిట్ల నెట్ మీద పై మెట్టులోని 6 సెకన్ల ముక్క దిగడానికి 45 సెకన్లు పడుతుంది. కింది మెట్టు ముక్కయితే, మాటతో కలిపి, 3 సెకన్ల పైచిలుకులో దిగిపోతుంది. అంటే వాడే వేగం కన్నా నింపే వేగం దాదాపు రెట్టింపు. ట్యాంకు నిండుతూనే ఉంటుంది.

డేటా ఖర్చు కూడా చూడండి. పై మెట్టులో గంట పాఠానికి సుమారు 2 జీబీ. చాలామంది ప్యాకుల్లో రోజంతటికీ వచ్చేది అంతే, లేదా అంతకన్నా తక్కువ. కింది మెట్టులో, మాటతో కలిపి, సుమారు 140 ఎంబీ.

అందరికీ ఒకే నిచ్చెనా?

పనిముట్టు సరిగ్గా నడిచింది. కీ ఫ్రేములు వరుసలో ఉన్నాయి. విద్యార్థిని మళ్లీ ఫోన్ చేసింది. “ఇప్పుడు ఆగడం లేదు మేడమ్. కానీ బోర్డు మీద రాసింది కనిపించడం లేదు” అంది.

దీనికి కారణం వెతకడం కష్టం కాలేదు. 1,080 గీతల బొమ్మలో 45 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం, 240 గీతల బొమ్మలో 10 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. లాటిన్ అక్షరమైతే ఎలాగో పోల్చుకోవచ్చు. తెలుగు వత్తులు, గుణింతాలు, సమీకరణంలో కింద రాసే చిన్న అంకెలు ఆ పది పిక్సెళ్లలో నిలవవు.

ఏ వీడియోకైనా ఒకే నిచ్చెన చాలదన్న సంగతి పెద్ద సంస్థలు ముందే గ్రహించాయి. సెకనుకు 235 నుంచి 5,800 కిలోబిట్ల వరకు అన్ని చిత్రాలకూ ఒకే నిచ్చెన వాడిన నెట్‌ఫ్లిక్స్, ఒక్కో చిత్రానికి తగ్గట్టు విడి నిచ్చెన కట్టే పద్ధతికి మారుతున్నట్టు 2015 డిసెంబరులో ప్రకటించింది. కదలిక తక్కువున్న కార్టూనుకు కొద్ది బిట్లతోనే పెద్ద బొమ్మ ఇవ్వవచ్చు. పోరాట దృశ్యానికి అది కుదరదు. నల్లబల్ల పాఠం ఈ లెక్కన కార్టూను వైపే ఉంటుంది. దాంట్లో కదలిక తక్కువ, వివరం ఎక్కువ.

అందుకే మేం కింది మెట్టును మార్చాం. బిట్ రేటు అదే 250 కిలోబిట్లు. పిక్సెళ్లను 640×360కి పెంచి, ఫ్రేముల వేగాన్ని సగానికి తగ్గించాం. 45 పిక్సెళ్ల అక్షరానికి ఇప్పుడు 15 పిక్సెళ్లు దక్కాయి. చేతి కదలికలో కాస్త కుదుపు కనిపిస్తుంది, ఆ నష్టాన్ని పాఠం భరించగలదు. అయితే ఫ్రేములు సగమయ్యాయి కాబట్టి, ఈ మెట్టులో కీ ఫ్రేము 50కి కాకుండా 25 ఫ్రేములకు ఒకటి రావాలి. లెక్క ఫ్రేముల్లో పెట్టుకుంటే ఇలాంటి చోట తప్పుతుంది. “2 సెకన్లకు ఒకటి” అని సమయంలో పెట్టుకుంటే తప్పదు.

పనిముట్టు ముక్కలను లెక్కపెడుతుంది, కీ ఫ్రేములను సరిచూస్తుంది. కానీ బోర్డు మీది అక్షరం చదవగలుగుతున్నామా లేదా అన్నది దానికి తెలియదు. అది తెలుసుకోవడానికి ఒకటే దారి. సిద్ధమైన పాఠాన్ని ఆఫీసు వైఫై మీద పెద్ద తెర ముందు కూర్చుని కాకుండా, చిన్న ఫోన్‌లో, అన్నిటికన్నా కింది మెట్టులో, పది నిమిషాలు చూడాలి. బ్రౌజర్లలో నెట్ వేగాన్ని కావాలని తగ్గించి చూసే సదుపాయం ఉంది. పై మెట్టు అందంగా ఉందో లేదో అందరూ చూస్తారు. కింది మెట్టు పనికొస్తుందో లేదో తయారు చేసినవారే చూడాలి. ఎందుకంటే ఆ మెట్టు మీద నిలబడేవారికి వేరే దారి ఉండదు.

ఆ విద్యార్థిని మూడోసారీ ఫోన్ చేసింది. ఈసారి వీడియో గురించి కాదు. “చీలికను సన్నగా చేస్తే వెలుగు పట్టీ కూడా సన్నబడాలి కదా మేడమ్, మరి తెర మీద వెడల్పు ఎందుకవుతోంది?” అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే కదా ఆ పాఠం రికార్డు చేసింది.